ఎలియాన్ రదీగ్ రికార్డులు ఏ వరసలో వినాలి? విడుదలైన ఏడాదిని మాత్రం నమ్ముకోకండి

మీరు అడిగింది ఇదీ: ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతకర్త ఎలియాన్ రదీగ్ పేరు ఎక్కడో చదివి, ఆమె రచన "క్యేమ" పెట్టారు. పది నిమిషాలు గడిచినా ఒకటే మోత, ఏమీ జరగడం లేదనిపించి ఆపేశారు. తర్వాత ఆమె రికార్డుల జాబితా తెరిస్తే తల తిరిగింది. 1973 నాటి సంగీతం 2013లో, 1978 నాటిది 2009లో వచ్చినట్టు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, హెడ్‌ఫోన్లా స్పీకర్లా, ఎల్పీలు కొనాలా అన్నవి మీ సందేహాలు.

పది నిమిషాలకే ఆపేశానని మీరు నొచ్చుకోనక్కర్లేదు. నా కథ ఇంకా ఘోరం. మొదట్లో ఆమె "అద్నోస్" నేను ఒక పాత ఆంప్లిఫయర్ మీద వినేవాణ్ణి. అన్ని స్వరాలకీ అడుగున సన్నగా, కదలకుండా ఒక గుంయ్‌మనే శబ్దం ఉండేది. మిగతా సంగీతం అంతా ఆ నేల మీద నిలబడిందని స్నేహితులకి తెగ వర్ణించి చెప్పాను కూడా. ఒకరోజు సీడీ అయిపోయింది, ఆంప్లిఫయర్ కట్టేయడం మర్చిపోయాను. ఆ శబ్దం అలాగే ఉంది. ఎర్తింగ్ సరిగా లేక వస్తున్న 50 హెర్ట్జ్ కరెంటు రొద అది! ఆరు నెలలపాటు నేను మెచ్చుకున్నది రదీగ్‌ని కాదు, గోడకున్న ప్లగ్గుని. కాబట్టి ఈ సంగీతం ఎవరి చెవికైనా మొదటి రోజే పట్టుబడదు.

మీకు ఏమీ జరగడం లేదనిపించిన ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతోందో ముందు చూద్దాం. అది అర్థమైతే వరస సంగతి తేలిక.

రెండు ఆసిలేటర్లు, అంటే సింథసైజర్‌లో స్వరం పుట్టించే భాగాలు, తీసుకోండి. ఒకటి 110 హెర్ట్జ్ దగ్గర, రెండోది 110.5 దగ్గర పెట్టండి. రెండూ కలిసి మోగితే మనకి రెండు స్వరాలు వినపడవు. ఒకే స్వరం రెండు సెకన్లకోసారి పొంగి తగ్గుతున్నట్టు వినపడుతుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు దాదాపు కలిసి, పూర్తిగా కలవనప్పుడు వచ్చే ఆ ఊగిసలాట అన్నమాట. తేడాని 0.1కి తగ్గిస్తే ఒక్కో పొంగుకి పది సెకన్లు పడుతుంది. అసలు గమ్మత్తు దీనిపైన ఉంది. ఆసిలేటర్ నుంచి రంపపు పళ్లలాంటి తరంగం వస్తుంటే దానిలో పై స్వరాలు కూడా ఉంటాయి. మొదటి జంటలో అడుగు స్వరాల తేడా 0.5 అయితే, మూడో హార్మోనిక్ దగ్గర, అంటే అడుగు స్వరానికి మూడు రెట్లున్న పై స్వరం దగ్గర, అవి 330, 331.5. అక్కడ తేడా 1.5. అంటే అడుగున రెండు సెకన్లకోసారి ఊపిరి తీస్తున్న శబ్దమే, పైన సెకనుకి ఒకటిన్నర సార్లు కొట్టుకుంటోంది. ఒకే మోతలో పొరపొరకీ ఒక్కో వేగం. ఇప్పుడు పై స్వరాల్ని ఆపే ఫిల్టర్‌ని నాలుగైదు నిమిషాల మీద నెమ్మదిగా తెరిస్తే, కింది పొర మీద ఉన్న మీ చెవి తనకి తెలియకుండానే పై పొర మీదికి జారుతుంది. ఎప్పుడు జారిందో చెప్పలేం. రదీగ్ సంగీతమంతా ఆ "ఎప్పుడు మారింది?" అన్న చోటే ఉంది. రాగం, తాళం కోసం వెతికే చెవికి అది దొరకదు.

ఇక మనిషి గురించి కొంచెం. 1932లో పారిస్‌లో పుట్టారు. 1950ల్లో పియర్ షఫేర్ దగ్గర, పియర్ ఆన్రీ దగ్గర టేపు సంగీతం, అంటే రికార్డు చేసిన శబ్దాల్ని టేపు మీద అమర్చి చేసే సంగీతం, నేర్చుకున్నారు. 1960ల చివర ఆన్రీకి సహాయకురాలిగా పనిచేస్తూనే సొంతంగా ఫీడ్‌బ్యాక్‌తో ప్రయోగాలు మొదలుపెట్టారు. మైకుని స్పీకర్‌కి దగ్గరగా తెస్తే కీచుమంటుంది కదా, ఆ కీచు పుట్టీ పుట్టని సరిహద్దు దగ్గర చేత్తో నిలబెట్టి ఉంచడం. ఒక వెంట్రుకవాసి దగ్గరైతే చెవులు చిల్లులు పడతాయి, ఒక వెంట్రుకవాసి దూరమైతే నిశ్శబ్దం. ఆ చేతివాటమే తర్వాత ముప్పై ఏళ్ల పనికి పునాది అని నా నమ్మకం.

1970, 71ల్లో న్యూయార్క్ వెళ్లి, అక్కడ యూనివర్సిటీ స్టూడియోలో ఉన్న బుక్లా సింథసైజర్ మీద పనిచేశారు. "క్రిప్టస్" ఆ రోజులదే. తర్వాత సొంతానికి ఏఆర్‌పీ 2500 అనే సింథసైజర్ కొనుక్కుని పారిస్ తెచ్చుకున్నారు. దాని కీబోర్డుని మాత్రం తెచ్చుకోలేదు! మీటలు కళ్లెదుట ఉంటే వాయించాలని చేతులు లాగుతాయి, ఆమెకి వాయించడం అక్కర్లేదు. ఆ యంత్రంలో తీగలు గుచ్చి కలిపే పద్ధతి కూడా లేదు. మాడ్యూళ్లకి పైనా కిందా వరసగా జరిపే స్విచ్చులు ఉంటాయి, ఏది ఏ లైనుకి కలిసిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆసిలేటర్లు కూడా ఆ కాలపు యంత్రాల్లో బాగా స్థిరంగా నిలిచేవని పేరు. అది చిన్న విషయం కాదు. మా ఇంట్లో ఉన్న చిన్న మాడ్యులర్ సింథ్ మీద 0.1 హెర్ట్జ్ తేడా పెట్టి టీ తాగి వచ్చేసరికి, గది వేడికి అది కాస్తా 1 అయి కూర్చుంటుంది. అలాంటి యంత్రంతో "అద్నోస్" అసాధ్యం.

ఆమె పని తీరు ఇంకో విచిత్రం. ఒక్కో శబ్దాన్నీ విడివిడిగా టేపుల మీద రికార్డు చేసుకుని, చివర్లో ఆ టేపుల్ని ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి చేత్తో మిక్స్ చేసేవారు. గంట సంగీతమైతే గంటసేపూ ఏకబిగిన. యాభయ్యో నిమిషంలో చెయ్యి వణికితే మళ్లీ మొదటినుంచి. "గంటసేపు ఒకే మోత, దీనికి కష్టమేముంది" అనేవాళ్లకి ఈ మాట చెప్పండి.

ఇప్పుడు రికార్డుల జాబితా. మామూలుగా ఒక బృందాన్ని వినాలంటే తొలి ఆల్బమ్ నుంచి విడుదలైన వరసలో వెళ్తాం. ఇక్కడ ఆ పద్ధతి బెడిసికొడుతుంది. 1970ల్లో ఆమె సింథసైజర్ పని కచేరీల్లో, గ్యాలరీల్లో వినిపించిందే ఎక్కువ. అల్మారాలో ఉండిపోయిన టేపులు 2000 దాటాక ఒక్కొక్కటే వేర్వేరు లేబుళ్ల నుంచి బయటికొచ్చాయి. 1971 నాటి "క్రిప్టస్" 2007లో వచ్చింది. 1973 నాటి "ట్రాన్స్‌అమోరెమ్ – ట్రాన్స్‌మోర్టెమ్" 2011లో, అదే ఏడాది చేసిన "ప్సీ 847" 2013లో. వాటన్నిటికంటే ముందే, 2005లో "లీల్ రెజొనాంత్" ఉంది. అది 2000లో చేసినది, ఎలక్ట్రానిక్ రచనల్లో చివరిది. విడుదలల వరసలో వింటే నడివయసు, ముసలితనం, యవ్వనం, మళ్లీ నడివయసు అన్నట్టు గెంతుతాం. ఎవరైనా "2009 ఆల్బమ్" అని రాస్తే దాన్ని పట్టించుకోకండి. రచించిన సంవత్సరం కవరు లోపల ఉంటుంది, మీ జాబితాలో అది మాత్రం రాసుకోండి.

అలాగని రచనాకాలం వరసలో మొదటిదాన్నుంచీ వెళ్లమని కూడా అనను. తొలినాటి ఫీడ్‌బ్యాక్ రచనలు కొత్త చెవికి మొరటుగా తగులుతాయి. నా సలహా మధ్యలో దిగమని.

మొదట "జెల్రియాంద్ర్". 1972 నాటిది. ఏఆర్‌పీ మోత మీద జెరార్ ఫ్రెమీ వాయించిన ప్రిపేర్డ్ పియానో ఉంటుంది. అంటే తీగల మధ్య వస్తువులు ఇరికించిన పియానో. ఆ దెబ్బలు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి పడుతుంటాయి. చీకట్లో నడిచేటప్పుడు చేతికి గోడ తగిలినట్టు, మీకు ఎక్కడున్నారో తెలుస్తుంది. దెబ్బ పడ్డాక దాని మోత సన్నబడి సింథసైజర్‌లో కలిసిపోయే చోట చెవి పెట్టండి. పియానో ఎక్కడ అయిపోయింది, యంత్రం ఎక్కడ మొదలైంది? నాలుగైదు దెబ్బలు అలా వెంబడిస్తే మీకు రదీగ్‌ని వినడం వచ్చేసినట్టే. ఆ సీడీలో దీనితోపాటు ఉన్న "ఆర్తెసిస్" మూగ్ సింథసైజర్ మీద చేసినది. బాగుంటుంది, కానీ నేను దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లను.

రెండోది "ట్రాన్స్‌అమోరెమ్ – ట్రాన్స్‌మోర్టెమ్". గంట దాటిన ఒకే ముక్క, ఆమె రచనల్లో బాగా నిరాడంబరమైనది. 1974 మార్చిలో న్యూయార్క్‌లో ద కిచెన్ అనే ప్రదర్శనశాలలో వినిపించారు. దీన్ని ఆమె ఊహించిన తీరు వినండి: ఖాళీ గది, నేల మీద తివాచీ, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. వినేవాళ్లు తల కొంచెం కదిపితే చాలు, సంగీతం మారుతుంది. ఇది కవిత్వం కాదు, లెక్క. 220 హెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో సుమారు 1.56 మీటర్లు. గోడలకి తగిలి వెనక్కొచ్చిన తరంగంతో కలిసినప్పుడు బాగా గట్టిగా వినపడే చోటుకీ, బాగా మెల్లగా వినపడే చోటుకీ మధ్య దూరం అందులో నాలుగో వంతు, అంటే 39 సెంటీమీటర్లు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాళ్లు ముందుకు వంగితే ఆ దూరం దాటేస్తారు. 880 హెర్ట్జ్ దగ్గర అది పది సెంటీమీటర్లకి పడిపోతుంది, తల ఒక పక్కకి వంచినా స్వరం మాయమవుతుంది. నేను ఇది వింటూ ఒకసారి నీళ్ల కోసం లేచాను. గది దాటేలోపు మూడు వేరే వేరే సంగీతాలు విన్నాను. నీళ్లు మర్చిపోయి అక్కడక్కడే తచ్చాడాను.

మీ హెడ్‌ఫోన్ ప్రశ్నకి జవాబు కూడా ఇదే. హెడ్‌ఫోన్‌లో మీ తలతోపాటు స్పీకర్లూ కదులుతాయి, గది ఉండదు. సగం సంగీతం పోయినట్టే. స్పీకర్లలో వినండి, ఖరీదైనవి కానక్కర్లేదు. ఫోను స్పీకర్, అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బాలు మాత్రం వద్దు. కింది స్వరాలు వాటిలో దాదాపు పలకనే పలకవు. వాల్యూమ్ తక్కువ పెట్టండి. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే స్థాయి చాలు. డ్రోన్, అంటే ఇలా ఆగకుండా సాగే మోత, అనగానే గోడలు అదిరేలా పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వేరే వాళ్ల సంగీతానికి అది సరిపోతుందేమో, ఇక్కడ గట్టిగా పెడితే పై పొరల్లో ఉన్న సన్నని కదలిక అంతా అడుగు మోతలో మునిగిపోతుంది. ఇంకా ఒకటి, ఫోన్‌లో వాల్యూమ్‌ని తనంతట తానే సమం చేసే సెట్టింగులు ఆన్‌లో ఉంటే ఆపండి. ఆమె పది నిమిషాలు కష్టపడి తగ్గించిన శబ్దాన్ని అవి వెంటనే పైకి లేపి సమానం చేసేస్తాయి.

మూడోది "అద్నోస్", మొదటి భాగం. 1974. ఇక్కడ ఆగి ఒక కథ చెప్పాలి, ఎందుకంటే ఆమె రచనల్లో ఉన్న పెద్ద ఖాళీ దీని తర్వాతే వస్తుంది. దీన్ని కాలిఫోర్నియాలో మిల్స్ కాలేజీలో వినిపించినప్పుడు, అక్కడికొచ్చిన కొందరు ఫ్రెంచ్ విద్యార్థులు ఆమెతో టిబెటన్ బౌద్ధం గురించి మాట్లాడారు. పారిస్ తిరిగొచ్చి దానిలో దిగారు, మూడేళ్లపాటు సంగీతం పక్కన పెట్టేశారు. మళ్లీ సంగీతంలోకి వెళ్లమని చెప్పినది ఆమె గురువు పావో రింపోచేయే. 1978లో "ట్రిప్టిక్"తో తిరిగి మొదలుపెట్టి, తర్వాత "అద్నోస్" రెండు, మూడు భాగాలు చేశారు. మూడు భాగాలూ 2002లో ఒకే పెట్టెలో వచ్చాయి కాబట్టి చాలామంది ఏకంగా మూడు గంటల రచన అనుకుని వింటారు. వద్దు. ఒకటో భాగం విని, వారం ఆగి రెండోది పెట్టండి. విరామానికి ముందు శబ్దంలో ఒక పట్టుదల ఉంది, యంత్రాన్ని అణిచి పట్టుకున్నట్టు. తర్వాత ఆ పట్టు సడలింది. నాకైతే రెండో భాగమే ఎక్కువ ఇష్టం.

1980ల్లో మిలరేపా రచనలు వస్తాయి. మిలరేపా 11, 12 శతాబ్దాల నాటి టిబెటన్ యోగి, కవి. "సాంగ్స్ ఆఫ్ మిలరేపా"లో ఆయన పాటల్ని లామా కుంగా రింపోచే టిబెటన్‌లో, అమెరికన్ సంగీతకర్త రాబర్ట్ ఆష్లీ ఇంగ్లీషులో చెబుతుంటే కింద ఏఆర్‌పీ మోగుతుంటుంది. దీన్ని చాలామంది తలకెత్తుకుంటారు. నాకు మాత్రం ఇది ఎప్పుడూ పూర్తిగా అతకలేదు. గొంతు వినపడగానే చెవి మాట వెంట పోతుంది, వెనక ఉన్న సంగీతం గోడకి వేసిన రంగులా అయిపోతుంది. మాటల్లేని "జెత్సున్ మిలా" వినండి. ఆ యోగి జీవితంలోని తొమ్మిది దశలు, గంటన్నరకి కాస్త తక్కువ.

ఇప్పుడు మీరు వదిలేసిన "క్యేమ"కి రండి. అది ఒంటరి రచన కాదు, "ట్రిలజీ ద లా మోర్" అనే మృత్యుత్రయంలో మొదటి భాగం. 1988లో చేశారు. మరణం గురించిన టిబెటన్ గ్రంథం బార్దో థోదోల్ చెప్పే ఆరు మధ్యస్థితుల మీద కట్టినది: పుట్టుక, కల, ధ్యానం, మరణం, స్వచ్ఛమైన వెలుగు, దాటి తిరిగి రావడం. ఆరూ విరామం లేకుండా ఒకదానిలోకి ఒకటి కరుగుతాయి. మీరు పది నిమిషాల్లో ఆపారంటే పుట్టుక దగ్గరే లేచి వచ్చేసినట్టు. 1989లో ఆమె కొడుకు ఈవ్ కారు ప్రమాదంలో పోయారు. 1991 నాటి "కైలాశ", 1993 నాటి "కూమే" ఆ తర్వాతవి. "కైలాశ" కైలాస పర్వతం చుట్టూ ఊహలో చేసిన ప్రదక్షిణ. పైకెక్కుతున్నామో దిగుతున్నామో తెలియని ఎషర్ మెట్ల బొమ్మలుంటాయి చూడండి, అలాంటి కంటి మాయల్ని చెవికి తేవాలని చూశారు ఇందులో. ఆమె రచనల్లో ఇంత అశాంతిగా ఉన్నది ఇంకొకటి నేను వినలేదు. ఎక్కడా చెవి నిలవదు. కొడుకు సంగతి తెలిశాక అది వేరేగా వినిపిస్తుందా అంటే, వినిపిస్తుంది. తెలియకముందు కూడా నాకు "క్యేమ" తర్వాత దీన్ని వెంటనే పెట్టబుద్ధి కాలేదు, అదీ నిజమే. మూడూ ఒకే రోజు వినమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. మూడు గంటలు కదలకుండా కూర్చోగలిగితే మీ ఇష్టం.

చివరికి "లీల్ రెజొనాంత్". నీటి మధ్య ద్వీపం, దాని ప్రతిబింబం అన్న ఊహ మీద చేసినది. మధ్యలో దూరం నుంచి కోరస్ గొంతుల్లాంటివి తేలివస్తాయి. ముప్పై ఏళ్లు మోతలు మాత్రమే విన్నాక అవి వినపడేసరికి వెన్ను జలదరిస్తుంది. దీన్ని ముందే వినేస్తే అందంగా ఉందనిపిస్తుంది, అంతే. 2006లో ఆస్ట్రియాలోని ఆర్స్ ఎలెక్ట్రానికా సంస్థ వాళ్లు గోల్డెన్ నికా అనే బహుమతి ఇచ్చింది దీనికే. అందుకని చాలామంది దీంతోనే మొదలుపెట్టమంటారు. నేను ఒప్పుకోను.

ఇవన్నీ అయ్యాక వెనక్కి, ఫీడ్‌బ్యాక్ రచనలకి వెళ్లండి. 1970 నాటి "ఓపస్ 17" మొదటి భాగంలో షోపాఁ పియానో ముక్క ఒకటి ఫీడ్‌బ్యాక్‌లో పడి కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. "వీస్ వెర్సా"ది ఇంకో దారి. టేపుని ఏ వేగంలోనైనా, ముందుకైనా వెనక్కైనా తిప్పుకుని వినవచ్చు. అప్పట్లో చేసింది పది కాపీలే. వాటి కోసం వెతక్కండి, 2009లో మళ్లీ విడుదల చేశారు.

ఎల్పీల సంగతి. ఎల్పీలో ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. గంటసేపు ఎక్కడా తెగకుండా ఉండాలని ఒక మనిషి మళ్లీ మళ్లీ మొదటినుంచి మిక్స్ చేసినదాన్ని మూడు ముక్కలు చేసి వినడం నాకు మనసొప్పదు. పైగా ఇంత మెల్లని సంగీతంలో సూది చిటపటలు ప్రతి ఒక్కటీ వినపడతాయి. అయిదు విడి భాగాలున్న "ఓపస్ 17" ఎల్పీలో బాగా కుదురుతుంది, మిగతావి సీడీ గానీ, శబ్దం ఏమీ తగ్గించని లాస్‌లెస్ ఫైల్ గానీ తీసుకోండి. 2018లో ఫ్రెంచ్ సంస్థ ఐఎన్‌ఏ జీఆర్‌ఎమ్ వాళ్లు 14 సీడీల పెట్టె తెచ్చారు, సింథసైజర్ రచనలు చాలావరకు ఒకేచోట ఉన్నాయి. అది దొరికినా రెండు మూడు రచనలు విడిగా విన్నాకే కొనండి.

2000 తర్వాత ఆమె యంత్రాన్ని వదిలి మనుషుల వైపు మళ్లారు. చార్ల్స్ కర్టిస్ చెల్లో కోసం మొదలుపెట్టిన "నల్జోర్లక్", 2011 నుంచి సాగిన "ఓకామ్" వరస, అవి వేరే అల్మారా. అనలాగ్ సింథసైజర్ డ్రోనే ఇంకా కావాలంటే, పేరు చెప్పుకోకుండా పనిచేసే ఎలే అనే ప్రాజెక్టు ఉంది. 2010లో టచ్ లేబుల్ మీద వచ్చిన "లొకేషన్ మొమెంటమ్" వినండి. స్పీకర్లు కింది స్వరాలు బాగా పలికేవైతేనే.

"జెల్రియాంద్ర్" పెట్టేముందు ఫ్యాను ఆపండి, వీలైతే ఫ్రిజ్ ఉన్న గదికి దూరంగా కూర్చోండి. సీడీ మొదలుపెట్టకుండా ఆంప్లిఫయర్ ఒక్కటే ఆన్ చేసి ఒక నిమిషం వినండి. గుంయ్‌మంటే ముందు ఆ ఎర్తింగ్ సంగతి చూడండి.